చూడాల్సింది నన్ను కాదు

"మీరు చూడాల్సింది నన్ను కాదు, ఆయన్ని."

పోటీలు మొదలైన రోజు డోపింగ్ పరీక్షల గదిలో ఆమె అతనితో అన్న మొదటి మాట అది. అంతకుముందే ఇన్‌చార్జి రూల్సన్నీ చదివి వినిపించాడు. ఆటగాడి మీంచి చూపు తిప్పకూడదు, బంధువులైనవాళ్లు ఒకే ఫారం మీద సంతకాలు పెట్టకూడదు, ఇలా చాంతాడంత జాబితా. మొదటి రూలు మొదటి గంటలోనే తప్పి అతను చివాట్లు తిన్నాడు.

అతని పని చెప్పుకోవడానికి చిన్నదే. బరిలోంచి బయటికొచ్చిన ఆటగాడికి కార్డు చూపించి, పరీక్షకు రమ్మని చెప్పాలి. ఆ మనిషి మూత్రం శాంపిల్ ఇచ్చి, అది సీసాల్లో సీలయ్యేదాకా కనిపెట్టుకుని ఉండాలి. అందుకే అందరూ అతన్ని 'నీడ' అనేవారు. దగ్గరుండి సీలు వేయించే ఆఫీసర్ ఆమె. ఆమెకు 'సీలు మేడమ్' అని పేరు పెట్టింది నీడే. అది ఆమెకు తెలియదనుకోవడం అతని అమాయకత్వం.

పదకొండు రోజుల్లో చూపు దారిలో పడింది గానీ, మనసు ఆమె బల్ల దగ్గరే చతికిలబడింది. ఆమె మాత్రం తక్కువ తిందా? రోజూ అతని కుర్చీ పక్కన ఒక నీళ్ల సీసా పెట్టేది. అడిగితే మిగిలిపోయిందని బుకాయించేది.

ఆఖరి రోజు పొద్దున ఇన్‌చార్జి పిడుగులాంటి మాట చెప్పాడు. వచ్చే పోటీల్లో నీడతో ఒకే గదిలో డ్యూటీ వద్దని మేడమ్ రాసిచ్చిందట. ఎందుకని అడిగితే, ఆమెనే అడగమని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆ నవ్వు నీడకు పుండు మీద కారం చల్లినట్టయింది. సాయంత్రానికి గది ఖాళీ చేస్తారు. ఆమెది ఒక ఊరు, అతనిది ఇంకో ఊరు. తేల్చుకోవాలంటే ఇవాళే తేల్చుకోవాలి.

తీరా చూస్తే ఆఖరి మనిషిగా ఒక వస్తాదు తగిలాడు. కుస్తీలో ఓడి, నూట ఇరవై కిలోల నిరాశతో వచ్చి సోఫాలో కూలబడ్డాడు. ఒంట్లో నీరంతా చెమటగా పోయినట్టుంది, శాంపిల్ ఎంతకీ రాదు. ఫ్రిజ్‌లోంచి సీసా తర్వాత సీసా తీసి తాగాడు. రెండు గంటలు గడిచాయి. బయట వాన మొదలైంది. ఆ చప్పుడుకైనా కదలిక వస్తుందేమోనని ముగ్గురూ చెవులు రిక్కించి కూర్చున్నారు. ఏమీ రాలేదు.

ఆమె బల్ల నీడకు ఎడమ పక్కన ఉంది, వస్తాదు ఎదురుగా ఉన్నాడు. తల తిప్పితే ఉద్యోగానికి ఎసరు. ఇక ఆగలేక, వస్తాదు కళ్లలోకే చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"మీరు నాతో డ్యూటీ వద్దని రాసిచ్చారట."

'నేనా' అన్నట్టు వస్తాదు గుండె మీద వేలు పెట్టుకున్నాడు.

"అన్నా, మిమ్మల్ని కాదు, మేడమ్‌ని," అని నీడ చెప్పుకుపోయాడు. "నేనేం తప్పు చేశానో చెప్పండి, దిద్దుకుంటాను. నాకు మీరంటే ఇష్టం. ఇష్టం లేకపోతే లేదనండి, మళ్లీ అడగను."

వస్తాదు చెవులు ఎర్రబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక తన మొహం చూస్తూ ఎవరూ అలాంటి మాటలనలేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. పక్కనుంచి పెన్ను మూత టక్కుమన్న చప్పుడొక్కటే వచ్చింది. అయినా నీడ చూపు కదల్చలేదు.

"తమ్ముడూ, ఒక్కసారి అటు చూడవయ్యా. నేనెక్కడికీ పారిపోను."

"చూడకూడదు, అన్నా."

"సరే, నేనే చూసి చెప్తాను." వస్తాదు మెడ సాచాడు. "తల వంచుకుంది. పెన్ను మూత పెడుతోంది, తీస్తోంది. ఆ, నవ్వుతోంది."

ఆ మాటతో వస్తాదే పగలబడి నవ్వాడు. గదిలో కిటికీలు అదిరాయి. నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుని, చటుక్కున లేచి బాత్రూమ్ వైపు పరుగెత్తాడు. నీడ వెంటే పరుగెత్తాడు.

సీసాలు రెండూ నిండాయి. వస్తాదు మూతలు బిగించాడు. ఫారం చివర 'మీ అభిప్రాయం' అన్నచోట ఎప్పుడూ ఎవరూ ఏమీ రాయరు. ఆయన మాత్రం నింపాదిగా రాశాడు: 'కుర్రాడు నిఖార్సయినవాడు. ప్రాణం మీదికొచ్చినా చూపు తిప్పలేదు. మేడమ్ గారు ఆలోచించాలి.' ఆమె చదివి, నీడ సంతకం పక్కన తన సంతకం పెట్టింది. పెళ్లికి పిలవకపోతే ఊరుకోనని బెదిరించి వస్తాదు వానలోకి వెళ్లిపోయాడు. ఓడిపోయి వచ్చిన మనిషిలా లేడు.

అప్పుడు ఆమె సొరుగులోంచి తన దరఖాస్తు నకలు తీసి నీడ ముందుకు జరిపింది. డ్యూటీ మార్పు కోరుతూ రాసినది. కారణం అన్నచోట గుండ్రటి అక్షరాలున్నాయి: 'వచ్చే పోటీల నాటికి మేము బంధువులం కావచ్చు.'

నీడ రెండుసార్లు చదివాడు.

"నేను అడక్కముందే రాసేశారా?"

"దరఖాస్తుకు నిన్నే ఆఖరి రోజు. మీరు అడిగేదాకా ఆగితే రూలు తప్పేవాళ్లం."

అతను మూడోసారి చదవడం మొదలుపెట్టాడు. ఆమె కాగితం మీద అరచెయ్యి పెట్టి మూసేసింది.

"మీరు చూడాల్సింది దీన్ని కాదు," అంది. "నన్ను."