ముదురాకుపచ్చ రాకెట్

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే బల్లకు చెరో కొసన కూర్చుని ఒకే రాకెట్ నమూనా చేస్తున్నారు. పాత యుద్ధంలో నగరాల మీద పడిన వి-2 రాకెట్. వీళ్ళ బల్ల మీద మాత్రం మూరెడు పొడవుంటుంది, అంతే. మ్యూజియానికి కావలసింది ఒక్కటే. రేపు మ్యూజియం మేడమ్ వచ్చి రెండిట్లో ఒకదాన్ని ఎంచుకుంటుంది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, కింద ఇత్తడి రేకు మీద చేసినవాళ్ళ పేరు చెక్కిస్తారు.

పెద్దదానికి ఆ రేకు మీద తన పేరు కావాలి.

చిన్నదానికి కుంచె పట్టడం నేర్పింది తనే. ఇప్పుడేమో మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ తన ముఖం చూసి, "మీ చెల్లెలు లేదా?" అంటారు. ఏకు మేకవడమంటే ఏమిటో పెద్దదాన్ని అడగాలి.

ఈసారి తను వదల్లేదు. రాకెట్‌ను ఇంకా ఎగరేసి పరీక్షిస్తున్న రోజులనాటి నలుపు తెలుపు గళ్ళు వేసింది. గడి గడికీ టేపు అంటించి, రంగు కొట్టి, ఆరాక గోటితో లేపి, మళ్ళీ అంటించి... నడుము పడిపోయింది. చిన్నది ఒకే ఒక్క ముదురాకుపచ్చ పూసి ఊరుకుంది. యుద్ధకాలంలో కొండ కింది సొరంగంలో ఖైదీల చేత చేయించిన రాకెట్లది ఆ రంగేనట. పని మధ్యలో ఒకసారి వచ్చిన మేడమ్ గళ్ళను చూసి "బాగుంది" అంది. ఆకుపచ్చను చూసి ఏమీ అనలేదు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "బాగుంది" అన్న మాటని చెత్తబుట్టలో వేసుకోవచ్చు. ఆ తుడుచుకోవడం మాత్రం పెద్దదాని కడుపులో పొయ్యి రాజేసింది.

చిన్నదానికి చేతితోపాటు నోరూ ఆడాలి. ఆ సాయంత్రం సొరంగం కబుర్లే. కొందరు ఖైదీలు ప్రాణానికి తెగించి పని పాడుచేసేవాళ్ళట, ఇక్కడో అతుకు వదులుగా, అక్కడో మరమేకు సగమే బిగించి. దొరికినవాణ్ణి మిగతావాళ్ళ కళ్ళముందే క్రేనుకు ఉరి తీసేవాళ్ళట.

"ఎవరు పాడుచేశారని అడిగేవాళ్ళట అక్కా. ఎవరో ఒకరిని చూపిస్తే చాలట."

"ముందు పని చూడవే. చచ్చినవాళ్ళు ఎక్కడికీ పోరు," అంది పెద్దది.

చిన్నది నవ్వుతూ, రాకెట్ నిలబెట్టే చెక్క పీట తెస్తానని వీధి చివరి వడ్రంగి దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి ఆకాశం మూతపడినట్టు మబ్బు కమ్మి వాన దిగింది. కరెంటు పోయింది.

గదిలో పెద్దది, రెండు రాకెట్లు, థిన్నర్ సీసా.

ఎనామిల్ రంగు మీద ఘాటు థిన్నర్ పడితే ఏమవుతుందో ఈ పనిలో దిగిన మొదటి వారమే ఎవరికైనా తెలుస్తుంది. పాల మీద మీగడలా ముడుచుకుపోతుంది. చీకట్లో చెయ్యి తగిలి సీసా ఒరిగిందంటే నమ్మనివాళ్ళెవరు? అయినా ఒకే రంగు పూసినదానికి బహుమానమైతే, గళ్ళు వేసినవాళ్ళు గడ్డి పీకాలా? వాదన పూర్తయ్యేసరికి కుంచె తడిసే ఉంది.

ఆకుపచ్చ మీద ఒక్క గీత గీసింది.

రంగు ముడతలు పడింది. థిన్నర్ వాసన రావాలి. రాలేదు. తడిసిన రాతి వాసన... సున్నం వాసన... ఎన్నాళ్ళుగానో ఎండ చూడని ఒళ్ళ వాసన.

లోపల ఎవరో దగ్గారు.

పెద్దది కుంచె వదిలేసింది. అతికించి మూసేసిన ప్లాస్టిక్ డొల్ల అది. వేలు కూడా దూరదు. మళ్ళీ దగ్గు. ఒక్కరిది కాదు... చాలామందిది. తర్వాత చెవికి ఆనుకుని చెప్పినట్టు, వణుకుతున్న గుసగుస.

"దాక్కో... వస్తున్నారు."

మెట్ల మీద బూట్లు. తొందర లేదు. ఒక్కొక్క మెట్టే. తలుపు దగ్గర ఆగాయి.

"పాడుచేసింది ఎవరు?"

కోపం లేని గొంతు. బడిలో హాజరు పిలిచినట్టుంది.

మాట్లాడకుండా ఉండొచ్చు. నేనే అనొచ్చు. రెండూ నాలుక దాకా వచ్చాయి. అప్పుడే ఎందుకో కళ్ళద్దాలు తుడుచుకుంటున్న మేడమ్ కళ్ళముందు మెదిలింది.

"మా చెల్లెలు," అంది పెద్దది.

బూట్లు వెనుదిరిగాయి. మెట్లు దిగాయి. ఆకుపచ్చ రాకెట్ లోపల ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టారు... అదీ ఆగిపోయింది.

కరెంటు వచ్చింది. ఆకుపచ్చ మీద గీత లేదు, ముడత లేదు. కొత్త ఆకులా నిగనిగలాడుతోంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. పీట చంకన పెట్టుకుని, తడిసి ముద్దయి, చిన్నది లోపలికొచ్చింది. పెద్దది పరుగున వెళ్ళి దాన్ని పట్టుకుంది. పసితనం తర్వాత ఎన్నడూ అలా పట్టుకోలేదు.

"ఏమైందే నీకు? వదులు, నీకూ తడి అంటుతుంది," అని నవ్వింది చిన్నది. "మ్యూజియం వాళ్ళు భలే మనుషులక్కా. అద్దాల పెట్టె కొలతలకు వచ్చుంటారు, కింద కనబడ్డారు. రాకెట్ పైనుందంటే వినరే. నా ఎత్తు కొలిచారు. బరువెంతని అడిగారు. నువ్వే పంపావన్నారు."

పెద్దది వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

"రేపు పొద్దున్నే వస్తారట."

చిన్నది తువ్వాలు తీసుకుని తల తుడుచుకుంది, ముఖం తుడుచుకుంది. దవడ కింద, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, సుద్దతో గీసిన సన్నటి తెల్లగీత ఉంది. అంత వానలో తడిసినా చెదరలేదు.

తువ్వాలు దాని మీదుగా రెండుసార్లు పోయింది. గీత పోలేదు.