మఖ్లూఫ్ తీయని మెజూజా

ఆ వరసలో చివరి ఇల్లంటే సైనికులకే హడల్. తుపాకీ భుజాన వేసుకుని తిరిగే మగధీరులు కూడా పొద్దుగుంకితే అటు పోయేవారు కాదు. రెండేళ్ల కిందట వంటింటి మీద మోర్టారు గుండు పడి మసూదా అనే ఇల్లాలు పోయింది. అప్పట్నుంచీ రాత్రిళ్లు ఆ వంటింట్లో టీ గ్లాసులు చప్పుడవుతాయని చెప్పుకునేవారు...

గాజా తీరంలో మా యూదుల ఊళ్లని ఖాళీ చేయించి, సైన్యాన్ని ప్రభుత్వం వెనక్కి పిలిపించిన ఆగస్టు అది. మా నేల అని మేము, తమ నేల అని అవతలివాళ్లు — ముప్ఫై ఏళ్ల పైచిలుకు ఇద్దరమూ ఆ ఇసకలోనే మనుషుల్ని పూడ్చిపెట్టాం. చివరికి ఇళ్లు కూలగొట్టి పొమ్మన్నారు.

మసూదా మొగుడు మఖ్లూఫ్ కదలనన్నాడు. నలుగురు సైనికులు కుర్చీతో సహా మోసుకెళ్లి బస్సెక్కించారు. ఆ నలుగురిలో ఒకడు రమీ. ఇది వాడు నాకు చెప్పిన కథే.

ఆ రాత్రి ఇళ్లన్నీ తనిఖీ చేసే పని రమీ మీద పడింది. ‘ఖాళీ’ అని వాడు రేడియోలో చెప్తేనే తెల్లారి బుల్‌డోజర్ కదిలేది. లోపల ఎవరైనా నక్కి ఉంటే ఆ ప్రాణం వాడి మెడకే చుట్టుకుంటుంది.

"మసూదమ్మ టీ ఇస్తే నాకూ ఓ గ్లాసు పట్రారా!" అన్నాడు తోటివాడు కోబీ, జీపు దిగకుండానే.

రమీ ఒక్కో గుమ్మం దాటుతున్నాడు. మాకో అలవాటుంది — ద్వారబంధానికి బిగించిన మెజూజాని, అదే, దేవుడి మాట రాసి దాచిన చిన్న పెట్టెని, తాకి వేళ్లు ముద్దు పెట్టుకుంటాం. వాడి చెయ్యి దానంతటదే లేస్తోంది. కానీ ఎక్కడా పెట్టె లేదు... మేకుల కంతలే. వెళ్లేవాళ్లు విప్పుకుపోయారు.

చివరి ఇంటి గుమ్మంలో చెయ్యెత్తాడు —

చల్లగా ఇనప పెట్టె తగిలింది.

తలుపు తట్టాడు. లోపల గ్లాసులు కదిలిన చప్పుడు... ఆ వెంటనే మెల్లగా ఓ ఆడగొంతు.

"కాళ్లకి ఇసక దులుపుకుని రా..."

లైటు వేసుకుని దూకాడు. గదులు, అటక, మంచం కింద, ఎండిన నీళ్లతొట్టి — అంతా గాలించాడు. పురుగు కూడా లేదు. వంటింటి గట్టు మీద రెండు గ్లాసులు మాత్రం ఉన్నాయి.

పాపం, ముసలాయన మెజూజా మర్చిపోయాడనుకున్నాడు. దేవుడి మాట రాళ్లకింద పడితే మహాపాపం కదా! గుమ్మం దగ్గరికొచ్చి కత్తిమొనతో మేకులు పీకుతుంటే లోపల మళ్లీ గ్లాసులు చప్పుడయ్యాయి. రెండో మేకు ఊడగానే ఆ చప్పుడు టక్కున ఆగిపోయింది...

చెమటలు తుడుచుకుంటూ రేడియో అందుకున్నాడు. "చివరి ఇల్లు... ఖాళీ."

వారం తర్వాత ఆ పెట్టె జేబులో పెట్టుకుని అష్కెలోన్ పట్నంలో మఖ్లూఫ్‌ని ఉంచిన హోటలుకి వెళ్లాడు. పుణ్యం చేశానన్న సంబరంతో ముసలాయన చేతిలో పెట్టాడు.

మఖ్లూఫ్ మొహం పాలిపోయింది. "ఎందుకు తీశావు?"

"మీరు మర్చిపోయారని... తాతా."

"మర్చిపోతానా? మనిషున్న ఇంటికి మెజూజా ఎవడైనా తీస్తాడా?"

"లోపల ఎవరూ లేరు తాతా. నేనే వెతికాను. ఖాళీ అని నేను చెప్పాకే కూల్చారు."

ముసలాయన చాలాసేపు రమీ బూట్ల వంక చూశాడు. తర్వాత గుసగుసగా అడిగాడు.

"ఇసక దులుపుకుని రమ్మనలేదూ?"

ఆ మాట అప్పటిదాకా రమీ ఏ ప్రాణికీ చెప్పలేదు... కోబీకి కూడా.

"...అంది," అన్నాడు.

"మరి ఖాళీ అని ఎలా చెప్పావు నాయనా?"