తల్లిగారింటి చీర

తెల్లారగానే రఘునందన్ గేటుకు మందు కొట్టడం మొదలుపెట్టాడు. పత్తి చేనుకు కొట్టే డబ్బానే శుభ్రంగా కడిగి, అందులో బ్లీచింగ్ నీళ్లు పోసి వీపుకు తగిలించుకున్నాడు. గేటు గొళ్లెం, ప్రహరీ గోడ, పాల గిన్నె పెట్టే అరుగు, ఏదీ వదలలేదు. పక్కింటి మల్లేశయ్య గోడ అవతల పళ్లు తోముకుంటూ చూస్తున్నాడు.

"ఏం రఘూ, గేటుకు గూడ జరమొచ్చిందా?"

"నవ్వు మల్లేశన్నా, నవ్వు. మాస్కు గదుమ కిందికి పెట్టుకొని నవ్వు. హన్మంత్ గూడ గిట్లనే నవ్విండు."

మల్లేశయ్య మాస్కు మూతి మీదికి లాక్కుని లోపలికి వెళ్లిపోయాడు.

హన్మంత్ వాళ్ల వీధి చివర ఉండేవాడు. ఎవరిదో దినాల భోజనానికి వెళ్లొచ్చి మంచం పట్టాడు, మళ్లీ లేవలేదు. అతని వెనకే తల్లి పోయింది. హన్మంత్‌ను వ్యాన్‌లోకి ఎక్కించేటప్పుడు రఘునందన్ ఈ గేటు దగ్గరే నిలబడి చూశాడు. ఆ రోజు నుంచి ఇంట్లోకి ఎవరినీ రానివ్వలేదు, ఇంట్లోవాళ్లను బయటికి పోనివ్వలేదు. కూరగాయలు ఉప్పు నీళ్లలో నానాలి. పాల ప్యాకెట్లు ఎండలో ఆరాలి. అతని తల్లి అనంతమ్మకు ఆయాసం. ఆమె తుమ్మినా ఇల్లంతా ఆగిపోయేది. కూతురు భవితకు పరీక్షలు పెట్టకుండానే పదో తరగతి పాసు చేశారు. ఇబ్రహీంపట్నంలో దుకాణాలు పొద్దున కాసేపు తెరిచి మూసేస్తున్నారు.

ఫోన్ మోగింది. భవిత చూసి, "తిరుమల్ మామ, బాపూ" అంది.

"స్పీకర్ల పెట్టు బిడ్డా. నా చేతులకు మందున్నది."

భవిత ఫోన్‌ను తండ్రి మొహానికి దగ్గరగా పట్టుకుంది. అటు నుంచి కాసేపు దగ్గు వినిపించింది.

"రఘూ, మీ అక్క లేదురా."

రఘునందన్ చేతిలోని గొట్టం నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"తెల్లారంగ పోయింది. ఆక్సిజన్ పెట్టిన్రు గని నిలవలే. నాకు, మా పోరనికి గూడ ఉన్నదన్నరు, ఇంట్లకెల్లి కదలనిస్తలేరు. మా దగ్గర ఎవ్వలు లేరు. దవాఖానకెల్లి సీదా జల్‌పల్లి శ్మశానానికే తెస్తరట. మీరు గూడ రాకున్రి. వచ్చినా సూపియ్యరు."

అనంతమ్మ అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. పోయిన సుగుణ ఆమె పెద్ద కూతురు. జ్వరం వచ్చి దవాఖానలో ఉందని మాత్రమే అనంతమ్మకు తెలుసు. ఇప్పుడు ఫోన్‌లో అన్నదంతా విన్నది. ఏడవలేదు. చాటను కింద పెట్టి, చేతులు దులుపుకుంది.

"చీర ఎవలు పట్టుకపోతరు?" అని అడిగింది.

రఘునందన్‌కు ఆ మాట వస్తుందని తెలుసు. పెళ్లయిన ఆడబిడ్డ పోతే తల్లిగారింటి నుంచి చీర వెళ్లాలి. అత్తగారివాళ్లు ఎంత ఖరీదైనది కప్పినా, అన్నో తమ్ముడో తెచ్చిన చీర పైన పడ్డాకే ఆమెను లేపుతారు. పక్కనున్న ఊళ్లో పోయినా, దూరాన పోయినా, తల్లిగారివాళ్లు వచ్చేదాకా ఆగుతారు. వాళ్ల వంశంలో చీర లేకుండా ఏ ఆడబిడ్డా పోలేదు.

"అమ్మా, జర ఇను. మనిషిని సంచిల పెట్టి మూసేస్తరు. మొకమే సూడనియ్యరు. చీర యాడ కప్పాలె?"

"సంచి మీదనే కప్పు."

"దగ్గరికి పోనియ్యరే."

"అడుగు. కాళ్లు మొక్కు."

"నా పానం కోసం గాదు. రేపు నేను జరం తెచ్చి నీకంటిస్తె నీకు ఊపిరి ఆడుతదా? ఇంట్ల పిల్ల ఉన్నది."

"వచ్చినంక కొట్టంల ఉండు. నా మొకం సూడకు. ఎవలొద్దన్నరు?"

వంటింట్లోంచి హిమజ వచ్చింది. భర్తకు, అత్తకు మధ్య నిలబడి నెమ్మదిగా అంది.

"అత్తమ్మా, ఆయన చెప్పేది గూడ ఇను. వదినె ఎట్లాగు పోయింది. ఉన్నోళ్లను కాపాడుకోవాలె గద."

"అవ్, నువ్వు గట్లనే అంటవ్. అది గడపల అడుగు పెడితె నీకెప్పుడు మంచిగనిపించింది?"

హిమజ మొహం చిన్నబోయింది. లోపలికి వెళ్లిపోయింది. సుగుణకూ ఆమెకూ పడదన్న సంగతి నిజమే. వచ్చిన ప్రతిసారీ సుగుణ పులుసులో చింతపండు ఎక్కువైందనో, పిల్ల జడ వదులుగా ఉందనో ఏదో ఒకటి అనేది.

అనంతమ్మ గోడ పట్టుకుని లేచి చెప్పులు వేసుకుంది.

"యాడికి?" అన్నాడు రఘునందన్.

"నా బిడ్డ దగ్గరికి."

"బస్సులు లేవు, ఆటోలు లేవు. నడిచి పోతవా?"

"నడుస్త. యాడ పడితె ఆడ పడత."

అతను గబగబా వెళ్లి గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. అనంతమ్మ ఆ తాళాన్ని, కొడుకును మార్చి మార్చి చూసింది.

"అది పెద్ద బిడ్డగ పుట్టింది. నువ్వు చేన్ల పారాడుతుంటె నిన్ను సంకనేసుకొని కలుపు తీసింది. అత్తగారింటికి పోయినంక ఒక్కనాడు నాకిది గావాలె అని అడగలే. ఆఖరుకు తల్లిగారింటి గుడ్డ గూడ పడకుండ పోవాల్నా?"

"అమ్మా..."

"నాకు అక్క లేదనుకున్నవ్ నువ్వు. నాకు కొడుకు లేడనుకుంట నేను."

ఆమె గేటు ముందు, మందు కొట్టిన తడి నేల మీదే కూర్చుండిపోయింది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి. హిమజ నీళ్లు తెచ్చి పెడితే గ్లాసు వైపు కూడా చూడలేదు.

రఘునందన్ కొట్టం వైపు వెళ్లాడు. చాలాసేపు రాలేదు. భవిత వెళ్లి చూస్తే, అతను బర్రె పక్కన నిలబడి దాని మెడ మీద తల ఆనించి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. కూతురు అడుగుల చప్పుడు విని గడ్డి సర్దుతున్నట్టు కిందికి వంగాడు.

భవిత తండ్రి ఎదుట ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. ఏదైనా కావాలంటే తల్లితో చెప్పించేది. ఇప్పుడు గుంజ పట్టుకుని నిలబడి, ఆ గుంజతోనే చెబుతున్నట్టు అంది.

"బాపూ, అత్త అక్కడ ఒక్కతే ఉంటది గద."

రఘునందన్ గడ్డి సర్దడం ఆపేశాడు.

"మామ రాలేడు, బావ రాలేడు. మనం గూడ పోకపోతె... ఎవ్వలు లేకుండనే కాలబెడతరా?"

అతను దోసెడు గడ్డి తీసి బర్రె ముందు వేశాడు.

"నేను పోత బాపు. రెండు మాస్కులు కట్టుకుంట. ఎవ్వల్ని ముట్టుకోను."

ఆ మాటకు అతను తలెత్తి కూతురి వైపు చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వేం పోతవ్ బిడ్డా" అన్నాడు. చేతులకంటిన గడ్డి దులుపుకుని, "దుకాణాలు గూడ బంద్ జేసిన్రు. కొత్త చీర యాడికెల్లి తేవాలె" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

వాళ్లిద్దరూ ముందుకు వచ్చేసరికి హిమజ గడపలో నిలబడి ఉంది. చేతిలో మడత విప్పని ఆకుపచ్చ చీర, ఎర్ర అంచుది. తన తమ్ముడి పెళ్లికి కట్టుకుందామని కొనుక్కున్నది. ఆ పెళ్లి రోగం వల్ల వాయిదా పడింది. చీర బీరువాలో ఉండిపోయింది.

"ఎవ్వలు కట్టలే. పట్టుకపో" అంది భర్తతో.

అనంతమ్మ లేచి వచ్చింది. చీర నాలుగు మూలలకూ పసుపు రాసింది. పసుపు కొంత నేల మీద పడింది. పసుపు, కుంకుమ పొట్లాలు కట్టి చీర మడతలో పెట్టాక కోడలి వైపు తిరిగింది.

"నోరు జారిన బిడ్డా."

"ఇప్పుడదంత ఎందుకు అత్తమ్మా. వదినె నా కూరలకు వంకలు పెట్టింది. భవిత పుట్టినప్పుడు నా బట్టలు పిండింది గూడ ఆమెనే. ఇంకొగల్ని ముట్టనియ్యలే."

రఘునందన్ మాస్కు మీద మాస్కు కట్టుకున్నాడు. చీరను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చొక్కా లోపల దాచుకుని బండి ఎక్కాడు. "కొంగు మొకం మీదికి రావాలె, యాదికుంచుకో" అని అనంతమ్మ వెనక నుంచి చెప్పింది. తండ్రి దగ్గర తాళంచెవి తీసుకుని గేటు తెరిచింది భవితే. అతను వెళ్లాక దానికి మళ్లీ ఎవరూ తాళం వేయలేదు.

ఆ రోజు ఎవరూ అన్నం తినలేదు. భవిత మాటిమాటికీ ఫోన్ చూసింది. అనంతమ్మ మాత్రం అరుగు మీద నుంచి కదలలేదు. మల్లేశయ్యకు సంగతి తెలిసి గోడ దగ్గరికి వచ్చాడు. సాయంత్రం దాకా అక్కడే, గోడకు అవతలి పక్కన కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా బండి వచ్చింది. రఘునందన్ లోపలికి రాలేదు. బయటి నల్లా కిందే స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో పడేసి కొట్టంలోకి పోయాడు. అనంతమ్మ పీట తెచ్చుకుని వాకిట్లో, అతనికి దూరంగా కూర్చుంది.

"కప్పినవా?"

"కప్పిన."

"దారిల ఎవలన్న ఆపిన్రా?"

"బడంగ్‌పేట్ కాడ పోలీసోళ్లు ఆపిన్రు. సంచిల చీర సూపిచ్చిన. ఏం మాట్లాడకుండ పొమ్మన్నరు."

"కొంగు మొకం మీదికి గుంజినవా?"

రఘునందన్ తల వంచుకున్నాడు.

"రఘూ, నిన్నే."

"నన్ను ఆడ అడ్డం కట్టిన తాడు దాటనియ్యలే అమ్మా. తెల్ల డ్రెస్సు ఏస్కున్నాయన నా చేతులకెల్లి తీస్కొని పరిచిండు. మంచిగనే పరిచిండు. కని తల ఏ దిక్కున్నదో తెల్వలే. సంచి రెండు దిక్కుల ఒక్కతీర్గనే ఉన్నది."

రఘునందన్ రెండు చేతులూ చాపి ఆ సంచి పొడవు చూపించాడు.

"పోయినోళ్లు మస్తు మంది ఉండె. అన్ని సంచులు ఒక్కతీర్గనే ఉన్నయ్. సుగుణ తరఫు ఎవలు అని పిలిచిన్రు, చెయ్యెత్తిన. ఇదే అన్నరు, అవ్ అన్న. గది అక్కనో, ఇంకెవలో... నాకు తెల్వదే. నిజంగ తెల్వది."

గడపలో హిమజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భవిత తల్లి చేయి పట్టుకుంది. అనంతమ్మ కొడుకు వైపే చూస్తూ, చేతికంటిన పసుపును కొంగుకు తుడుచుకుంది.

"ఇంక ఎవలెవలు వచ్చిన్రు ఆడికి?" అని అడిగింది.

"ఇంటికొక్కలే వచ్చిన్రు. ఒకాయన నాలెక్కనే చీర పట్టుకొని నిలబడ్డడు. వాళ్ల చెల్లెట."

"అయితె సరే బిడ్డా." ఆమె పీట మీద నుంచి కొంచెం ముందుకు వంగింది. "నీ చీర మన సుగుణ మీద పడకుంటె, ఆయన చెల్లె మీద పడ్డది. ఆయన తెచ్చింది మన సుగుణ మీద పడ్డది. ఎవలి బిడ్డ ఉత్తగ పోలే."

అప్పుడు ఏడ్చింది అనంతమ్మ. పొద్దుటి నుంచి లోపల ఆగిన ఏడుపంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఆమె లేచి రెండు చేతులూ చాపి కొడుకు వైపు నడిచింది. రఘునందన్ వెనక్కి జరిగి కొట్టం గోడకు ఆనుకున్నాడు.

"రాకే అమ్మా. దండం పెడత. నీకు ఆయాసం."

చావు జరిగిన ఇంట్లో మనుషులు మెడలు పట్టుకుని ఏడుస్తారు. భవిత చిన్నప్పటి నుంచి అదే చూసింది. ఒకరి దుఃఖం ఇంకొకరి భుజం మీద దించుకుంటారు. వాకిలి మధ్యదాకా వచ్చిన నాయనమ్మను చూసి, ఆమె ఆగదేమోనని భవిత భయపడింది.

అనంతమ్మ చాపిన చేతులు దించింది.

"రాను బిడ్డా. నువ్వు చెప్పినట్టే ఇంట" అంది.

వెనక్కి వెళ్లి పీట మీద కూర్చుంది. అతను కొట్టంలో, ఆమె వాకిట్లో. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఇద్దరూ ఏడ్చారు. కాసేపటికి హిమజ విస్తరిలో అన్నం పెట్టి తెచ్చి, వాళ్లిద్దరి మధ్య నేల మీద ఉంచి పక్కకు జరిగింది.

"తిను రఘూ" అంది అనంతమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఒక్కనివే పోయొచ్చినవ్. నువ్వు తిన్నంక నేను తింట."