అద్దకాల వీధిని మింగిన రక్కసుడు

కుందవరం మహానగరంలో వీధులు మాయమవుతున్నాయి. ఇళ్లలో దొంగలు పడటం మీరు వినే ఉంటారు, పిల్లలూ. ఇళ్లకు ఇళ్లే, ముందున్న దారితో సహా మాయమవడం విన్నారా? అక్కడ అదే జరిగేది. సూర్యుడు నడినెత్తికి వచ్చి, మనిషి నీడ మనిషి కాళ్ల కిందే దాక్కునే వేళ ఒక వీధి చప్పుడు లేకుండా ఎగిరిపోయేది. అటూ ఇటూ ఉన్న గోడలు దగ్గరకు జరిగి అతుక్కుపోయేవి. అంతకన్నా విడ్డూరం ఏమిటంటే, అలాంటి వీధి ఒకటుండేదన్న సంగతే జనం మరిచిపోయేవారు. బజారుకు వెళ్లిన పెద్దమనిషి వంకాయలు కొనుక్కుని కూడలిలో నిలబడి, అవి ఎవరికోసం కొన్నాడో తెలియక బిక్కమొహం వేసేవాడు. అలాంటి బిక్కమొహాలు పెరిగేసరికే వీధులు పోతున్నాయని తెలిసింది గాని, ఏవి పోయాయో ఎవరికీ తెలియదు.

ఇలాంటి ఆపదల కోసమే చిత్రభాను మహారాజు ఒక రహస్య శాఖను పోషించేవాడు. దాన్ని నీడల కొలువు అనేవారు. కోట వెనక పాత ఏనుగుల సాలే వాళ్ల కచేరీ. దయ్యాలను పట్టడం, పిశాచాలను పొలిమేర దాటించడం ఆ భటుల ఉద్యోగం. కత్తులూ ఉచ్చుతాళ్లూ పట్టుకుని వాళ్లు మధ్యాహ్నమంతా గస్తీ తిరిగారు. కూడళ్లలో చప్పిడి అన్నం ముద్దలు బలి వేశారు. దయ్యాలకు ఉప్పు గిట్టదని, మర్యాద తప్పకూడదని తాతల నాటి నియమం. ముద్దలు కాకులు తిన్నాయి, వీధులు మాత్రం పోతూనే ఉన్నాయి.

కేతకి ఆ కొలువులో భటురాలు. చాకులాంటి పిల్ల, కాస్త మొండిది కూడా. ఒక కొరివిదయ్యాన్ని సరిహద్దు దాటించి తిరిగొచ్చేసరికి ఆమె పుట్టి పెరిగిన, గుడ్డలకు రంగులు అద్దేవాళ్ల అద్దకాల వీధి లేదు. కంచరి వీధి గోడా పూలవారి వీధి గోడా కలిసిపోయి ఉన్నాయి. ఆ మధ్యలో ఆమె తల్లి పేరిందమ్మ ఉండాలి.

దళపతి భల్లాణుడు విని నిట్టూర్చాడు. "వీధులు పోతున్నమాట నిజమే గాని, అలాంటి వీధి మన ఊళ్లో ఎప్పుడూ లేదమ్మా. ఎండదెబ్బ తగిలినట్టుంది. మజ్జిగ తాగి పడుకో."

"అయ్యా, మీ నెత్తి మీదున్న తలపాగా మా అమ్మ అద్దిందే!"

"ఇదా? ఇది... ఎక్కడిదబ్బా ఇది!" అని ఆయన తలపాగా తీసి తిప్పితిప్పి చూసుకున్నాడు.

నిజానికి కేతకి కూడా మరిచిపోవలసిందే. అయితే ప్రయాణమప్పుడు తల్లి మూటలో పెట్టిన చింతకాయ తొక్కు జాడీ ఆమె దగ్గరుంది. ఒక్క రవ్వ నాలుక మీద పడితే చాలు, వీధంతా కళ్లముందుకు వచ్చేది. కరక్కాయ నీళ్ల వగరు వాసన, గేదెపాలలో నానిన గుడ్డల మీద ముసిరే ఈగలు, ఒకరోజు నీలంగా, ఒకరోజు ఎర్రగా పారే మురికికాలువ. ఆ కాలువ రంగు చూసి ఎవరింట్లో ఏ పని జరుగుతోందో చెప్పేసేవారు పిల్లలు. ఎంత మంచి రోజులవి! కాసేపటికి అన్నీ మసకబారేవి. అమ్మ ముఖం అన్నిటికన్నా ముందు చెరిగిపోయేది. జాడీ మాత్రం అడుగంటుతోంది.

ఏనుగుల సాల వెనక దిగుడుబావిలో ఒక ముసలి తాబేలు ఉండేది. ఊరు పుట్టకముందు నుంచీ అది అక్కడే ఉంది. కేతకి మెట్లు దిగి దాని ముందు కూర్చుంది.

"తాతా, మా వీధిని ఎవరు ఎత్తుకుపోయారు?"

"ఊరికే చెప్తానటే? ఆ జాడీలోది కాస్త పెట్టు," అంది తాబేలు. కేతకి ఉసూరుమంటూ ఒక రవ్వ పెట్టింది. తాబేలు లొట్టలు వేసి, ఒక్కసారిగా కిసుక్కున నవ్వింది. "ఏమే, చిన్నప్పుడు నీలిమందు తొట్టిలో పడ్డావటగా!"

"నేనా?" అంది కేతకి తెల్లబోయి.

"చూశావా, అది ఇప్పుడు నాదైపోయింది. నీ జ్ఞాపకం నీలో లేదు మనవరాలా, ఆ జాడీలో ఉంది. ఎవరు తింటే వాళ్లది. ఇంకో సంగతి. నీ ఉప్పు తిన్నాను కాబట్టి ఇక నీకు నిజం చెప్పక తప్పదు. దయ్యాలకు ఉప్పు గిట్టకపోవడమేమిటి, తింటే పెట్టినవాళ్లకు కట్టుబడిపోతామని భయం! మీ కొలువువాళ్లు ఇన్నేళ్లూ చప్పిడి ముద్దలు వేసి వాటికి మేలు చేశారు."

"మరి ఆ దొంగ ఎక్కడున్నాడు?"

"నడినెత్తి రక్కసుడు ఆ గోడల అతుకులోనే ఉన్నాడు. కళ్లు మూసుకుని, వీధి ఉన్నట్టే నడిస్తే చేరతావు. ఒక్క అడుగు తప్పినా గోడే. వాడు నీ ఉప్పు తింటే వీధులన్నీ కక్కుతాడు, జనానికి అన్నీ గుర్తొస్తాయి. కానీ ఆఖరి ముద్ద వాడిదైతే నీకేమీ మిగలదు. ఆలోచించుకో."

కేతకి చాలాసేపు ఆ మెట్ల మీదే కూర్చుంది. అమ్మ దక్కాలంటే అమ్మను మరిచిపోవాలి! ఏడుపొచ్చింది. ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని అన్నం వండుకుని బయల్దేరింది.

మిట్టమధ్యాహ్నం గోడల అతుకు ముందు నిలబడి, ఒక రవ్వ నోట వేసుకుని కళ్లు మూసింది. గోడలోంచి ఎవరో వెక్కిరించారు. "తల పగులుతుందే పిల్లా!" ఆమె ఆగలేదు. కుడివైపు బండమీద బట్టలు ఉతికే చప్పుడు, అక్కడ కాలువ దాటాలి. దాటింది. అచ్చులు చెక్కే ఓబన్న ఇంటి మెట్టు వీధిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది, ఎడమకు ఒత్తిగిలాలి. ఒత్తిగిలింది. ఎర్రరంగు కోసం చిరివేరు ఉడికే పొయ్యి వేడి కాళ్లకు తగిలింది. ఇంకో మలుపు తిరిగితే ఇల్లే. తిరిగి కళ్లు తెరిచింది.

ఎదురుగా కొండంత రక్కసుడు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మింగిన వీధులన్నీ వాడి పొట్టమీద పచ్చబొట్లలా కదులుతున్నాయి. వాటిలో ఒకచోట గోరంత ఆడమనిషి దండెం మీద గుడ్డ ఆరేస్తోంది.

"కత్తి తెచ్చావా, తాడు తెచ్చావా?" అని గర్జించాడు వాడు.

"అన్నం తెచ్చుకున్నాను. నా ఆకలి తీరాక నీ సంగతి చూస్తా," అంది కేతకి, తొక్కంతా ఊడ్చి అన్నంలో కలుపుతూ.

వాడి ముక్కుపుటాలు అదిరాయి. ఎన్ని వంటిళ్లు మింగినా వాడు దేన్నీ రుచి చూసి ఎరగడు. "ఏమిటది? ఇటు తే!"

"ఇవ్వను! మా అమ్మ చేతిది. ఇదే ఆఖరు," అంది కేతకి. ముద్దను గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎర వేయడానికే వచ్చినా ఆ ఏడుపులో నటన లేదు. అందుకే వాడికి అనుమానం రాలేదు. లటుక్కున లాక్కుని నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు!" అని వాడు పెట్టిన కేకకు నగరంలో పావురాలన్నీ లేచాయి. గోడలు విడిపోయాయి. వీధి వెంట వీధి, అంగళ్లతో, అరుగులతో, ఉడుకుతున్న పప్పుకుండలతో సహా వచ్చి తన చోట తాను కూర్చుంది. ఎక్కడివాళ్లక్కడ తమవాళ్లను కావలించుకుని బావురుమన్నారు. రక్కసుడు మామూలు మనిషంత అయి కేతకి ముందు చేతులు కట్టుకున్నాడు.

ఆమె మాత్రం కొత్త ఊళ్లో దిగినట్టు చుట్టూ చూసింది. "నేనెక్కడికి వెళ్లాలి?"

"ఇటు. కాలువ చూసుకో," అన్నాడు రక్కసుడు. వాడికి దారంతా తెలుసు. నేరుగా ఒక గుమ్మం ముందుకు తీసుకెళ్లి, "అమ్మా!" అని పిలిచాడు.

పేరిందమ్మ రంగు చేతులతో బయటికొచ్చి అదిరిపడింది. "ఎవర్రా నీకు అమ్మ?" అంటూనే కూతురి చూపు చూసింది. రక్కసుడు చెప్పిన సంగతంతా విని రంగు చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నన్ను క్షమించండి. మీరెవరో నాకు తెలియదు," అంది కేతకి తలవంచుకుని.

"నీకు తెలియకపోతే ఏంటే పిచ్చితల్లీ, నాకు తెలియదూ? ముందు కాళ్లు కడుక్కో, ఇద్దరూ అన్నం తిందురుగాని."

మహారాజు కేతకిని నీడల కొలువుకు దళపతిని చేశాడు. భల్లాణుడే స్వయంగా ఆ తలపాగా తీసి ఆమెకు చుట్టాడు. రక్కసుడు అద్దకాల వీధికి కావలివాడయ్యాడు. సాయంత్రాలు పేరిందమ్మ అరుగు మీద కూర్చుని కూతురికి చిన్ననాటి కబుర్లు మొదటినుంచీ చెప్పేది. "కాదమ్మా, ఆ రోజు నువ్వు కొట్టలేదు, ఉత్తినే బెదిరించావు," అని రక్కసుడు అడ్డొచ్చేవాడు. నాకు బాగా గుర్తని ఆవిడ, నాకూ గుర్తేనని వాడు కీచులాడుకునేవారు. ఆ ఇద్దరి మధ్యా కూర్చుని కేతకి, తన బాల్యం ఎంత బాగుండేదో మొదటిసారి వింటూ ఉండేది.