ప్రాణం పోయిన చోట

పటమటలో ఆ వీధి మొత్తానికి గేటు మీద నోటీసున్న ఇల్లు ఉమామహేశ్‌ది ఒక్కటే. లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు అని పెద్దక్షరాలతో అచ్చేసి అంటించారు. పాలవాడు ఎదురింటి గోడ దగ్గరే ఆగి ప్యాకెట్లు విసిరేవాడు. ఆటోనగర్ వైపు పోయే లారీల రొద ఆగిపోయి వారం దాటింది. మిట్టమధ్యాహ్నం వీధి ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, నాలుగిళ్ళవతల కుక్కర్ ఎన్ని కూతలేసిందో ఇక్కడినుంచి లెక్కపెట్టుకోవచ్చు.

కింది వాటాలో చీరల గది, చిన్న వంటిల్లు. అందులో అతనొక్కడే. పై వాటాలో భార్య రేణుక, ఆరేళ్ళ కూతురు ఉష. మెట్ల మధ్యలో ఒక ప్లాస్టిక్ స్టూలు. రేణుక దాని మీద క్యారేజీ పెట్టి, పైకెళ్ళి తలుపేసుకుని, "పెట్టానండీ" అని కేకేస్తే అప్పుడు అతను వెళ్ళి తెచ్చుకోవాలి. పెళ్ళైన పదేళ్ళలో ఇంత మర్యాదగా నువ్వు వడ్డించింది లేదని మొదటి వారం ఫోన్లో ఆవిణ్ణి ఆటపట్టించేవాడు కూడా.

ఉమామహేశ్ చేనేత చీరల వ్యాపారి. ఉగాది ముందు కౌలాలంపూర్‌లో తెలుగువాళ్ళు ప్రదర్శన పెడుతున్నారంటే రెండు పెట్టెల చీరలు పట్టుకెళ్ళాడు. రెండోరోజుకే హాలు మూసేశారు. హోటల్లో మనిషిని చూసి మనిషి పక్కకి తప్పుకుంటున్నాడు. దొరికిన చివరి విమానాల్లో ఒకదాంట్లో పడి హైదరాబాదు, అక్కణ్ణించి గన్నవరం చేరాడు. చేతి మీద ముద్ర వేసి, నేరుగా ఇంటికి పొమ్మన్నారు.

అతను నేరుగా ఇంటికి పోలేదు. కారు పామర్రు వైపు తిప్పించాడు.

వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. దూరం పోయొచ్చినవాడికి గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీయందే లోపలికి రానివ్వరు. తల్లి పోయినప్పటి నుంచీ ఆ పని అక్క రాజ్యశ్రీది. పెంచింది కూడా ఆవిడే. "సముద్రం దాటొచ్చావు. దిష్టి తీయించుకోకుండా పసిపిల్ల ఉన్న ఇంట్లోకి ఎట్టా పోతావురా? ముందు నా దగ్గరికి రా" అని ఫోన్లో కేకలేసింది. కూతురి మంచికేగా అని అతనూ అనుకున్నాడు. అనుకోకపోతే ఎంత బాగుండేదో!

పామర్రులో అక్క ఉండే మగ్గాల వీధిలో ఆ మధ్యాహ్నం ఎవరూ లేరు. బావ ఆదిశేషయ్య నూలు తేవడానికి బందరు వెళ్ళాడు. రాజ్యశ్రీ పసుపు, సున్నం కలిపిన పళ్ళెం మూడుసార్లు తిప్పి, నీళ్ళు వీధిలో పారబోసింది. కూర్చోబెట్టి అన్నం పెట్టింది. చివర్న ఎప్పటిలాగే తనే ఒక ముద్ద కలిపి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, అందులో నెయ్యి పోసి నోటికి అందించింది. నూలుకి గంజి పెట్టి పెట్టి ఆవిడ చేతులు గంజి వాసన వేసేవి. మగ్గం మీద పాత పడుగు కొసలకి కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకడంలో ఆ వీధిలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు.

బయల్దేరుతుంటే అతనే అన్నాడు. "అక్కా, ఎవరడిగినా నేను రాలేదని చెప్పు. తెలిస్తే మీ గుమ్మానికీ నోటీసంటిస్తారు. వీధంతా మగ్గాలు ఆపాల్సొస్తది."

"నువ్వు నా గుమ్మం తొక్కలేదు, నేను నిన్ను చూళ్ళేదు. మీ బావక్కూడా చెప్పను, సరేనా?" అని నవ్వింది.

మర్నాడు పొద్దున పదింటికి వార్డు వాలంటీరు సుబ్బరత్నం గేటవతల నుంచి అడిగింది. "గన్నవరం నుంచి నేరుగా ఇంటికే వచ్చారాండీ?"

"నేరుగానేనమ్మా."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది బాగానే అతికింది.

వారానికి రాజ్యశ్రీకి జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అని మందులిచ్చారు. ఆయాసం మొదలయ్యాక విజయవాడ తీసుకొచ్చి ఆసుపత్రిలో విడిగా పడుకోబెట్టారు. ఆదిశేషయ్యను వేరే ఎక్కడో క్వారంటైన్‌లో పెట్టారు. అక్కణ్ణించి ఫోన్ చేసి ఏడ్చాడు. "విదేశాల నుంచి ఎవరన్నా వచ్చి కలిశారా అని జ్వరం వచ్చిన రోజు నుంచీ అడుగుతానే ఉన్నార్రా. ఎవరూ రాలేదనే చెప్పింది. ముందే తెలిస్తే మందు మార్చేవాళ్ళంట. ఎక్కడ అంటుకుందో ఏంటో!"

ఉమామహేశ్ నోరు విప్పలేదు. అప్పుడు చెప్పి ఉంటే ఆవిడ బతికేదో లేదో మనకు తెలియదు. అతనికి మాత్రం, బతికేదనే తెలుసు.

ఆసుపత్రిలో చేరిన మూడోరోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి తెల్లసూటు వేసుకున్న నర్సు వీడియో కాల్ చేసి, ఫోను రాజ్యశ్రీ ముఖానికెదురుగా పట్టుకుంది. ఉమామహేశ్ తన ఫోనును చీరల బీరువాకు ఆనించి నేల మీద కూర్చున్నాడు. రెండు పొట్టి ఊపిరులు. ఆగింది. ఒక పొడుగు ఊపిరి. మళ్ళీ రెండు. ఆవిడ అతన్ని గుర్తుపట్టింది. మాట రాలేదు. చూపుడువేలు పైకెత్తి, నువ్వు రాలేదు అన్నట్టు అటూ ఇటూ ఆడించింది. పక్కనున్న నర్సు ముందు బయటపడొద్దనేమో... ఆ తర్వాతి ఊపిరి రానే లేదు.

"ప్రాణం పోయిన చోట దీపం పెట్టాలిరా" అన్నాడు ఆ సాయంత్రం ఆదిశేషయ్య. "పది రోజులు కొండెక్కకుండా చూడాలి. ఆసుపత్రిలో ఎవరు పెట్టనిస్తారు? నేనా ఇక్కడ. చివరి ఊపిరి నీ కళ్ళముందేగా పోయింది. ఆ చోటనే పెట్టు. దిక్కులేనిదాన్ని చెయ్యబాక."

మెట్ల పైనుంచి రేణుక గొంతు తగ్గించి అంది. "మనింట్లో పోలేదుగా అండీ. పోని చోట దీపం పెడితే... ఇదే తన ఇల్లనుకోదూ? చంటిదుంది."

ఆవిడ మాటలో న్యాయముంది. కానీ చేసిన పాపం మనిషిని ఊరుకోనివ్వదు. బీరువా ముందు, ఫోను పెట్టిన చోట, పిడికెడు బియ్యం పోసి ప్రమిద పెట్టి వెలిగించాడు. పక్కన విస్తరాకు ముక్కలో నాలుగు మెతుకులు.

చీరల గదికి దుమ్ము రాకుండా కిటికీలు ఎప్పుడూ బిగించే ఉంటాయి. దీపం ఆరుతుందని ఫ్యాను కూడా వేయలేదు. మర్నాడు మధ్యాహ్నం నూనె పోద్దామని వంగినవాడు అలాగే ఆగిపోయాడు. వత్తి మీది మంట గోడవైపు వాలింది. లేచింది. మళ్ళీ వాలింది. లేచింది. నిలబడింది. తర్వాత ఒకసారి బాగా వాలి, నెమ్మదిగా లేచింది.

నా ఊపిరే తగులుతోంది అనుకున్నాడు. గుమ్మం దాకా జరిగాడు. ముక్కు మూసుకున్నాడు.

రెండు పొట్టివి. ఆగింది. ఒక పొడుగుది.

గది నిండా గంజి వాసన. చీరల గదిలో గంజి వాసన రాకుండా ఎలా ఉంటుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మూడోరోజు స్నానం చేసొచ్చి చూస్తే విస్తరాకులో మెతుకులు మెతుకుల్లా లేవు. ముద్దగా ఉన్నాయి. గుండ్రంగా. మధ్యలో బొటనవేలి గుంట. అతనింట్లో నెయ్యి డబ్బా పై వాటాలో ఉంది. గుంటలో మాత్రం నెయ్యి మెరుస్తోంది... ముద్దను తీసి పెరటి గోడ మీద పెట్టాడు. కాకులు వెనకింటి తీగ మీద కూర్చుని చూశాయే తప్ప ఒక్కటీ దిగలేదు. చీకటిపడేదాకా ఆ ముద్ద అక్కడే ఉంది.

మర్నాడు మళ్ళీ ముద్ద. ఈసారి ముట్టుకోలేదు. సాయంత్రానికి విస్తరాకు ఖాళీ. ఎలకలు, అనుకున్నాడు. ఎలకలైతే బాగుండునని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాడు.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం ఉష పైనుంచి పిలిచింది.

"నాన్నా, ఇంకో నెయ్యి ముద్ద పెట్టవా?"

"ఏం ముద్దమ్మా?"

"స్టూలు మీద పెడుతున్నావుగా! నిన్నా పెట్టావు, ఇవాళా పెట్టావు. అమ్మకి చెప్పలేదులే."

"తిన్నావా?"

"ఆఁ. గంజి వాసనొచ్చింది. అయినా బాగుంది."

అతనికి అంతా అర్థమైంది. ఆ ముద్దలో ఏముందో, తను పామర్రులో ఏం వదిలి, అక్కణ్ణించి ఏం తెచ్చుకున్నాడో. దీపం ముందు సాగిలపడి ఏడ్చాడు. "అక్కా, తప్పు నాది. నన్ను తీసుకుపో. చంటిదాని జోలికి రాకమ్మా." మంట వాలింది. లేచింది. వాలింది. లేచింది. ఎప్పటిలాగే... ప్రేమగా పెంచిన మనిషి ఊపిరికి ఇంత భయపడాల్సి వస్తుందని అతను ఏనాడూ అనుకోలేదు.

ఉన్న దారి ఒక్కటే. పొద్దున సుబ్బరత్నం రాగానే నిజం చెప్పేయాలి. పామర్రు వెళ్ళానని, అక్కకి తనవల్లే అంటిందని. తనను ఏ కేసులోనైనా పెట్టుకోనీ. పిల్లకు పరీక్ష చేస్తారు, రేణుకనూ పిల్లనూ ఈ ఇంట్లోంచి తీసుకుపోతారు. ఆ దీపానికి దూరంగా, ఎక్కడికైనా సరే.

పదింటికి గేటు చప్పుడైంది. ఉమామహేశ్ కిటికీ రెక్క తెరిచాడు. ఎండలో మాస్కు సర్దుకుంటూ సుబ్బరత్నం నిలబడింది. ఆ అమ్మాయి గొంతు కూడా ఆ రోజు మెత్తగానే ఉంది.

"మీ పామర్రు అక్కగారి రిపోర్టు వచ్చిందండీ. పాజిటివే. పోయినావిణ్ణి గురించి అడుగుతున్నందుకు ఏమనుకోకండి... మీరు ఊరునుంచొచ్చాక ఆవిణ్ణి కలవలేదుగా? కలిసుంటే ఇప్పుడే చెప్పండి సార్. బండి పంపిస్తాను, పాపకి టెస్టు చేయిస్తాను. ఇప్పటికైతే మించిపోయిందేం లేదు."

ఇంతకంటే తేలికగా ఎవరడుగుతారు? ఉమామహేశ్ నోరు తెరిచాడు. మాట గొంతులోకొచ్చింది.

వెనక గంజి వాసన. చాలా దగ్గరగా. మెడ మీద వెచ్చగా రెండు పొట్టి ఊపిరులు.

"రాలేదని చెప్పరా..."

అది అక్క గొంతో, ఇన్నాళ్ళుగా అతని లోపల కూర్చున్న పిరికితనం గొంతో, అతనే చెప్పలేడు.

"లేదండీ. కలవలేదు" అన్నాడు.

సుబ్బరత్నం రాసుకుంది. "జాగ్రత్త సార్" అని వెళ్ళిపోయింది. చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. పిలిస్తే ఆగేది. అతను పిలవలేదు.

గదిలోకి తిరిగొచ్చి చూశాడు. దీపం వెలుగుతోంది. మంట నిటారుగా నిలబడి ఉంది. వాలడం లేదు. లేవడం లేదు. ఆరు రోజుల్లో మొదటిసారి ఆ గదిలో ఎవరూ లేరు.

మెట్ల మీద స్టూలు పక్కకి జరిగి ఉంది.

"రేణుకా!"

పరుగెత్తాడు. నియమాలన్నీ గాలికొదిలేసి పై గుమ్మం దాకా పోయాడు. రేణుక తలుపు తీసి, గడప మీదే నిలబడిపోయింది. ఆవిడ చూపు కిందికుంది. గడప ముందు పళ్ళెం. పళ్ళెంలో కొద్దిగా ఎర్రనీళ్ళు, ఇంకా కదులుతున్నాయి.

"ఎవరండీ ఇవి పెట్టింది? మీరు పైకొచ్చారా?" ఆవిడ లోపలికి తిరిగి చూసింది. "ఉషకి తెల్లారుజాము నుంచి ఒళ్ళు కాలిపోతోంది. మీకు చెప్దామనే..."

లోపల మంచం మీద ఉష వెల్లకిలా పడుకుని ఉంది. దుప్పటి కదులుతోంది. రెండు పొట్టివి. ఆగింది. ఒక పొడుగుది.

రేణుక పరుగెత్తుకెళ్ళి పిల్ల నుదుటి మీద చెయ్యేసింది. మూతి పక్కన అంటుకున్న మెతుకును చీరచెంగుతో తుడిచి, చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా అడిగింది.

"ఎవరొచ్చారమ్మా? ఎవరన్నా వచ్చారా ఇక్కడికి?"

ఉష కళ్ళు తెరిచింది. అమ్మను చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ నాన్నను చూసింది. చిన్నగా నవ్వింది. తర్వాత చూపుడువేలు పైకెత్తి, అటూ ఇటూ ఆడించింది.