షట్టర్ దించని కొట్టు

కాఫీల వేళకు కంప్యూటర్ తెరమీద పదకొండు శాతం ఉంది. మామగారు స్నానం చేసి వచ్చినా పదకొండే. ఇనుప సామాను కొట్టులో తల నెరిసిన మనిషి ఆయన. కదలని సరుకు కళ్లబడితే కాలు నిలవదు.

కోడలు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. ఏడాది పనంతా అరచేయంత డిస్కులో ఉంది. రాత్రి కరెంటు పోయి వచ్చాక కొన్ని బొమ్మలు తెరుచుకోవడం మానేశాయి. డిస్కులో తప్పులు వెతికే పరీక్ష పెట్టి పొద్దుటి నుంచీ కాపలా కాస్తోంది. సాయంత్రానికి బొమ్మలు అందకపోతే పుస్తకం ఇంకొకరికి పోతుంది.

"ఇంకా అక్కడేనా అమ్మా?"

"అక్కడే మామయ్యా. వైరు కూడా మార్చి చూశాను."

"నెత్తిన ఒక్కటిచ్చి చూడు. మన పాత త్రాసుకు అదే మందు."

ఆమె నవ్వలేదు. ఈలోగా హాల్లోంచి అత్తగారు కళ్లజోడు కోసం పిలిచింది. మొగుడు నీలం చొక్కా కోసం కేకేశాడు. పాప నీళ్లంది. మూడుసార్లూ ఆమే లేచింది.

"పొద్దస్తమానం ఆ డబ్బా ముందు కూర్చుంటే ఇల్లెలా నడుస్తుందమ్మాయ్?" అంది అత్తగారు, గుమ్మంలోకి వచ్చి.

"ఇల్లు నడుస్తూనే ఉందత్తయ్యా. నడవనిది నా పనే. ఒక్క పూట నన్ను పిలవకుండా ఉండలేరా మీరంతా?"

ఏనాడూ ఎదురాడని పిల్ల. అత్తగారు హాల్లోకి వెళ్లి టీవీలో నడుస్తున్న సినిమా ఆపేసింది. పన్నెండు శాతం. పదమూడు. మామగారి కళ్లు తెరమీదే ఉన్నాయి.

"ఆ సినిమా ఎక్కణ్నుంచి వస్తోందమ్మా?"

"ఈ డిస్కులోంచే."

"అబ్బాయి ఫోన్లో ఫొటోలు?"

"అవీ వాటంతటవే ఇందులోకి..." ఆమె ఆగిపోయింది.

"షట్టర్ తీసి బేరాలాడుతూ సరుకు లెక్కపెడితే ఎప్పటికి తేలుతుంది?"

టీవీకీ ఫోనుకీ డిస్కుతో ఉన్న లంకెలన్నీ ఆమె తెంపేసింది. అంకెలు పరుగందుకున్నాయి.

"అమ్మాయ్, పాపకి జడ..." మళ్లీ హాల్లోంచి. అలవాటుకొద్దీ ఆమె సగం లేచింది. ఆ సగం లేవడం మామగారు చూశారు.

"కూర్చోమ్మా."

కుర్చీ బయటికి లాగి, తలుపు మూసి, దానికి అడ్డంగా కూర్చున్నారు. అత్తగారు దువ్వెనతో, పాపతో వచ్చింది.

"జరగండి."

"కొట్టు మూశాం."

"ఏమిటీ వేళాకోళం?"

"సరుకు లెక్క జరుగుతోంది. దువ్వెన ఇటియ్యి."

ఆయన అల్లింది జడో, కొట్టులో కట్టే తాడో తెలియలేదు. పాప కెవ్వుమంది. అత్తగారు దువ్వెన లాక్కుని, కింద కూర్చుని పాయలు విప్పడం మొదలెట్టింది. లోపల్నుంచి "అరవై" అని ఒక తేలిక గొంతు వినిపించింది.

"ఇన్నేళ్ల కాపురంలో," అంది ఆవిడ తల ఎత్తకుండా, "నా గది ముందు ఒక్క పూటైనా ఇలా కూర్చున్నారా?"

ఆయన కుర్చీ దిగి, ఆవిడ పక్కనే నేలమీద, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నారు.

"రెండో జడ నేర్పు," అన్నారు.