బిస్కెట్లో పడ్డ గుండీ

బిస్కెట్ ఫ్యాక్టరీ గుమ్మంలోనే ఆ అమ్మాయికీ నాకూ చెడింది.

సెలవులకి కారేసుకుని ఊళ్లు తిరుగుతున్నాం. దారిలో ఫ్యాక్టరీ చూద్దామని చెల్లి పట్టుబట్టింది. గుమ్మంలో ఆ అమ్మాయి అడగగానే అమ్మ, నాన్న, చెల్లి వాచీలూ గాజులూ తీసి ట్రేలో పెట్టారు. తలకి టోపీ, నా గడ్డానికి వల, మణికట్టు దాకా తెల్లకోటు. ఈ వేషంలో ఎవరికి ఆపరేషన్ చెయ్యాలి అని అడిగాను. క్వాలిటీ చూసే ఆ అమ్మాయి నవ్వలేదు.

"మీతో లోపలికి వెళ్లిందంతా మీతోనే బయటికి రావాలి. కోటు చేతులు మడవకండి," అంది.

మడిచాను. పొయ్యి వేడికి ఉక్కపోస్తోంది మరి. ఆమె కళ్లురిమింది. ఆ చూపు ఇంకోసారి పడాలని పిండి కలిపే చోట రెండో చెయ్యీ మడిచి, వంగి మరీ చూశాను.

అక్కణ్ణించి గంట దూరం వచ్చాక, చొక్కా చేతికి గుండీ లేదని చెల్లి చూపించింది. దారప్పోగు వేలాడుతోంది. లైను చివరి మిషను లోహాన్నే పట్టుకుంటుందనీ, ప్లాస్టిక్‌ని వదిలేస్తుందనీ ఆమే చెప్పింది. ప్రతి బ్యాచ్ మీదా ఆమె సంతకం ఉంటుంది. ఆ గుండీ ఏ పసిపిల్ల గొంతులోనో అడ్డం పడితే?

కారు వెనక్కి తిప్పాను. గోరంత గుండీకి ఇంత హంగామా ఏమిటని నాన్న లబోదిబోమన్నారు. తప్పు చేసినవాడు వెళ్లి చెప్పుకోవాల్సిందేనని అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది.

ఫ్యాక్టరీకి వెళ్లి ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టలేదు. టైము అడిగి, అప్పటి పిండి ఏ బ్యాచ్‌కి వెళ్లిందో చూసి, లారీ ఎక్కిన పెట్టెలు దింపించింది. మేనేజరు పరుగున వచ్చి, లారీ ఆలస్యమైతే ఎవరిది పూచీ అన్నాడు.

"నాది. దొరికేదాకా ఒక్క పెట్టె కూడా కదలదు," అంది, గొంతు పెంచకుండా.

నాకు ఆ అమ్మాయి అప్పుడే నచ్చేసింది. దొరికేదాకా నేనూ కదలనన్నాను.

నలుగురం మళ్లీ టోపీలు పెట్టుకుని, ఆమెతో కలిసి ఒక్కో బిస్కెట్టూ విరిచాం. ఈసారి నా కోటు చేతులు మణికట్టు దాటి పైకి పోలేదు. ఆమె రెండుసార్లు చూసింది, చూడనట్టు. మూడు గంటలు గడిచాక నాన్న చేతిలో విరిగిన ముక్కలోంచి తెల్లగా తొంగి చూసింది నా గుండీ. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని జాగ్రత్తగా తీసుకెళ్లి ఆమెకి ఇచ్చారు.

ఆమె దాన్ని రిజిస్టర్లో అంటించి, పక్కన నా పేరు, ఫోన్ నంబరు రాసుకుంది. "ఏడేళ్లుగా చూస్తున్నాను. వెనక్కొచ్చి చెప్పింది మీరొక్కరే," అంది.

"ఆదివారం మళ్లీ వస్తాను. ఫ్యాక్టరీ చూడ్డానికి కాదు," అన్నాను. ఆమె సరేననలేదు, వద్దనీ అనలేదు. కారెక్కాక అమ్మ, ఈసారి మమ్మల్ని వెంటేసుకెళ్లకు నాయనా అంది.

ఆదివారం ఒక్క గుండీ కూడా లేని టీషర్టు వేసుకుని గేటు దగ్గర దిగాను. ఆమె అప్పటికే బయట నిలబడి ఉంది. నన్ను ఎగాదిగా చూసి మొదటిసారి నవ్వింది.

"ఇవాళ నాకు సెలవు," అంది. "అయినా వచ్చాను."